కదలని అద్దం కోసం

బోరులోకి దించిన మోటరు నిమిషానికి దాదాపు 2,900 సార్లు తిరుగుతుంది. సెకనుకు 48 అన్నమాట. సింహాద్రిపురం చుట్టుపక్కల చీనీ తోటలకు త్రీఫేజు కరెంటు వదిలే వేళకు ఎన్నో మోటర్లు ఇంచుమించు ఒకేసారి అందుకుంటాయి. గట్టు మీద నిలబడ్డ రైతుకు నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ తెలియదు. నేలకు మాత్రం తెలుస్తుంది. సెకనుకు 48 సార్లు, అణువుల లెక్కలో, అది అదురుతూనే ఉంటుంది. ఈ అధ్యాయంలో చెప్పబోయే యంత్రానికి ఆ మాత్రం అదురు చాలు, చెవులు గింగురుమనడానికి.

వెనకటి అధ్యాయంలో ఐన్‌స్టైన్ 1916లో గురుత్వ తరంగాల లెక్క కట్టడం, అవి మోసుకొచ్చే శక్తి ఆచరణలో సున్నాతో సమానమని తేల్చేయడం చూశాం. ఆయన తప్పు చెప్పలేదు. రెండు కృష్ణ బిలాలు ఢీకొని ఒకటైపోయినప్పుడు పుట్టే తరంగం కోట్ల ఏళ్లు ప్రయాణించి మన దాకా వచ్చేసరికి, దారిలో ఉన్న దూరాలను కోటి కోట్ల కోట్లలో ఒక వంతు మేరకు సాగదీస్తుంది, కుదిస్తుంది. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న 15 కోట్ల కిలోమీటర్లలో అది ఒక పరమాణువంత తేడా. నాలుగు కిలోమీటర్ల దూరం తీసుకుంటే ప్రోటాన్ వ్యాసంలో నాలుగు వందలో వంతు. దీన్ని కొలుస్తామని ఎవరైనా గ్రాంటు అడిగితే ఇచ్చేవాళ్లు ఉంటారా? ఉన్నారు. అమెరికా జాతీయ విజ్ఞాన ఫౌండేషన్ ఇచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో ఒకటి, లూసియానాలోని లివింగ్‌స్టన్‌లో ఒకటి, రెండు లైగో కేంద్రాలు అలా లేచాయి.

యంత్రం నిర్మాణం కాగితం మీద చాలా సులువు. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో వ్యతికరణం చదివినవాళ్లకు ఇది పాత చుట్టమే. ఒక లేజరు కిరణాన్ని సగం తెరలాంటి అద్దంతో రెండుగా చీలుస్తారు. ఒకటి నేరుగా, ఒకటి లంబంగా వెళతాయి. ఒక్కో చేయి పొడవు నాలుగు కిలోమీటర్లు. చివర ఉన్న అద్దాలకు తగిలి రెండూ వెనక్కి వచ్చి కలుస్తాయి. చేతుల పొడవులు సరిగ్గా కుదిరితే ఒక కాంతి శిఖరం మీద ఇంకో కాంతి లోయ పడి, బయటి ద్వారం దగ్గర చీకటి మిగులుతుంది. తరంగం వచ్చి ఒక చేతిని సాగదీసి రెండోదాన్ని కుదిస్తే ఆ చీకట్లోకి రవ్వంత వెలుగు జారుతుంది. ఆ వెలుగే సంకేతం. ఒక్క రాకపోకతో పని కాదు కాబట్టి ప్రతి చేతిలోనూ దగ్గరి కొసన ఇంకో అద్దం పెట్టి కాంతిని సుమారు 300 సార్లు అటూ ఇటూ తిప్పుతారు. నాలుగు కిలోమీటర్ల చేయి 1,200 కిలోమీటర్ల చేయిలా పనిచేస్తుంది.

కాంతి నడిచే గొట్టంలో గాలి ఉండకూడదు. మనిషి నడుం ఎత్తున, 1.2 మీటర్ల వ్యాసంతో ఉండే ఈ ఉక్కు గొట్టాల్లో వాయు పీడనం బయటి గాలిలో లక్ష కోట్లలో వంతు. ఇంకో చిక్కు: భూమి గుండ్రం. నాలుగు కిలోమీటర్లలో నేల మీటరుకు పైగా వంగిపోతుంది. కాంతి వంగదు. కాబట్టి మనం చదునైన మైదానం అనుకునే చోట కూడా కాంక్రీటు ఎత్తు సరిచేసుకుంటూ పోయి గొట్టం వేయాలి.

ఇదంతా సివిల్ పని. అసలు యుద్ధం అద్దం దగ్గర.

ఒక చిన్న రాయికి మూరెడు దారం కట్టి చేత్తో పట్టుకోండి. చేతిని నెమ్మదిగా అటూ ఇటూ జరిపితే రాయి కూడా చేతి వెంటే వస్తుంది. ఇప్పుడు చేతిని గబగబా వణికించండి. రాయి ఉన్నచోటే ఉండిపోతుంది. లోలకం తన సహజ లయ కంటే వేగంగా వచ్చే కుదుపును కిందికి పోనివ్వదు. సెకనుకు ఒకసారి ఊగే లోలకం సెకనుకు పదిసార్లు వచ్చే కుదుపును వందో వంతుకు తగ్గిస్తుంది. లోలకం కింద లోలకం, దాని కింద ఇంకోటి, ఇలా నాలుగు అంతస్తులు వేలాడదీస్తే పది కోట్లో వంతుకు తగ్గుతుంది. లైగో అద్దం వేలాడేది ఇలాగే. ఆ నాలుగు అంతస్తుల గొలుసు కూడా నేల మీద కాకుండా, నేల కదలికను కొలిచి దానికి ఎదురు కదిలే వేదికల మీద ఉంటుంది. ఇన్ని చేసినా సరిపోతుందా అంటే, నేల ఎంత ప్రశాంతంగా ఉన్నా దాని మామూలు వణుకు మనం కొలవదలచిన దానికి కోట్ల రెట్లు. అందుకే ఇన్ని.

ఎంఐటీలో రైనర్ వైస్ ఈ యంత్రం గురించి 1972లో ఒక నివేదిక రాశారు. యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పి ఊరుకుంటే అది ఇంకో పథకంగా బీరువాలో ఉండిపోయేది. ఆయన ఇది ఎందుకు పనిచేయకపోవచ్చో వరసగా రాశారు: నేల వణుకు, లేజరు చంచలత్వం, అద్దంలో వేడి పుట్టించే కదలిక, కాంతి కణాలు అద్దాన్ని నెట్టడం, మిగిలిన గాలి. ఒక్కోదానికి లెక్క కట్టారు. ఆ తర్వాతి యాభై ఏళ్ల పని అంతా ఆ జాబితాను ఒక్కో పద్దు కొట్టేసుకుంటూ పోవడమే. 2017లో నోబెల్ బహుమతి వైస్, బారీ బారిష్, కిప్ థార్న్‌లకు వచ్చింది. వైస్ 2025 ఆగస్టులో కన్నుమూశారు.

మొదటి లైగో 2002 నుంచి 2010 దాకా నడిచింది. ఒక్క తరంగమూ దొరకలేదు. బయటివాళ్లకు ఇది వైఫల్యంలా కనిపించింది కానీ, లోపలివాళ్లు మొదటినుంచీ రెండు దశలుగానే అనుకున్నారు: ముందు యంత్రం నడపడం నేర్చుకోవాలి, తర్వాత తరంగం పట్టే యంత్రం కట్టాలి. ఈ మధ్యలో ఒక తమాషా జరిగింది. 2010 సెప్టెంబరు 16న అచ్చమైన తరంగం లాంటిది వచ్చింది. వందలమంది కూర్చుని నెలల తరబడి విశ్లేషించారు, పరిశోధన పత్రం కూడా రాసి సిద్ధం చేశారు. 2011 మార్చిలో అందరి ముందూ కవరు విప్పితే తెలిసింది, అది తమలోనే కొందరు రహస్యంగా చొప్పించిన దొంగ సంకేతమని. అలాంటి పరీక్ష ఉండొచ్చని అందరికీ ముందే తెలుసు. అయినా ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ల ముఖాలు చూడాల్సింది.

ఆ తర్వాత యంత్రాన్ని దాదాపు పూర్తిగా విప్పేశారు. గొట్టాలు, భవనాలు మిగిలాయి. లోపలి సరుకంతా మారింది. పాత అద్దం 10.7 కిలోలు, ఉక్కు తీగ మీద వేలాడేది. కొత్తది 40 కిలోలు, 34 సెంటీమీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల మందం, స్వచ్ఛమైన సిలికా గాజు. దాన్ని మోసేవి కూడా గాజు పోగులే: నాలుగే నాలుగు, ఒక్కోటి 0.4 మిల్లీమీటరు మందం, 60 సెంటీమీటర్ల పొడవు. ఉక్కు తీగలో వేడి వల్ల లోలోపల రాపిడి ఎక్కువ; ఆ రాపిడి అద్దాన్ని సన్నగా గిల్లుతూనే ఉంటుంది. సిలికాలో ఆ గుణం చాలా తక్కువ. గాజు కడ్డీని లేజరుతో కరిగించి సాగదీసి ఈ పోగు తీస్తారు, లేజరుతోనే అద్దం పక్కన అతికిస్తారు. వేలితో తాకితే చాలు, దాని బలం పోతుంది. ఇటలీలో ఇలాంటిదే అయిన వర్గో కేంద్రంలో ఈ పోగులు మళ్లీ మళ్లీ తెగిపోయాయి. చివరికి కారణం తేలింది: శూన్య పంపుల నుంచి వచ్చిన ధూళి రేణువులు పోగులకు తగలడం. వాళ్లు 2017లో తాత్కాలికంగా ఉక్కు తీగలతోనే అద్దాలు వేలాడదీసి పరిశీలనలో చేరారు. గాజు మంచిదని అందరికీ తెలుసు, ధూళి ఎంత ప్రమాదమో తెగేదాకా తెలియలేదు.

ఇక కాంతి. లేజరు కాంతి కణాలుగా వస్తుంది, ఆ కణాలు సమాన దూరంలో వరుసగా రావు. కొన్ని గుంపుగా, కొన్ని ఆలస్యంగా. చీకటి ద్వారం దగ్గర మనం లెక్కపెట్టేది ఆ కణాలనే కాబట్టి ఈ క్రమం లేనితనం రొదగా వినిపిస్తుంది. మందు సులువే: కాంతి పెంచండి, సగటు నిలకడగా ఉంటుంది. కానీ కాంతి అద్దాన్ని నెడుతుంది కూడా. కణాలు ఎక్కువైతే నెట్టుడూ ఎక్కువ, ఆ నెట్టుడు కూడా క్రమం లేనిదే. పై పౌనఃపున్యాలు బాగుపడితే కింది పౌనఃపున్యాలు చెడతాయి. అద్దం బరువు నాలుగింతలు చేయడానికి ఇది కూడా ఒక కారణం: బరువైనది తేలిగ్గా కదలదు.

చేతుల్లో తిరిగే కాంతి 2015లో సుమారు 100 కిలోవాట్లు. ఇటీవలి పరిశీలనల్లో అది 350 కిలోవాట్లు దాటింది. లక్ష్యం 750. అంత దాకా ఎందుకు పోలేకపోతున్నారు? అద్దం పూతలో కంటికి కనిపించని చుక్కలు కొన్ని ఉంటాయి. మిగతా పూత కాంతిని దాదాపు మొత్తంగా తిప్పి పంపితే ఈ చుక్కలు కొంచెం పీల్చుకుని వేడెక్కి ఉబ్బుతాయి. నానోమీటరులో భాగమంత ఉబ్బు, ఆ ఉబ్బుకు కాంతి పక్కకు చెదిరిపోతుంది. మరో పేచీ 2014లో లివింగ్‌స్టన్‌లో బయటపడింది: కాంతి ఒత్తిడికి అద్దమే గంటలా 15 కిలోహెర్ట్‌జ్ దగ్గర మోగడం మొదలుపెట్టింది. మోగేకొద్దీ కాంతి ఇంకా మోగించింది, యంత్రం చేయి జారిపోయింది. అద్దం చుట్టూ వేడిచేసే కడియం తొడిగి వంపును రవ్వంత మార్చి, తర్వాత ఆ మోతను పీల్చే చిన్న ముక్కలు అతికించి దాన్ని అదుపు చేశారు. నాకు ఈ యంత్రం కథలో బాగా నచ్చే సంగతి ఇదే: ప్రతి మెరుగుదలా కొత్త శత్రువును పుట్టిస్తుంది, ఆ శత్రువు పేరు ముందే ఎక్కడో ఒక సిద్ధాంత పత్రంలో ఉంటుంది.

కాంతి పెంచకుండానే రొద తగ్గించే దారి ఒకటి ఉందని కార్ల్‌టన్ కేవ్స్ 1981లో చూపించారు. చీకటి ద్వారం అంటున్నాం కదా, అక్కడ కాంతి లేకపోయినా శూన్యపు క్వాంటం చలనం ఉంటుంది. అది ఆ ద్వారం గుండా లోపలికి చొరబడడమే రొదకు మూలం. క్వాంటం నియమం ప్రకారం ఆ చలనాన్ని పూర్తిగా తీసేయలేం. కానీ మనకు అవసరమైన వైపు తగ్గించి, అవసరం లేని వైపు పెంచుకోవచ్చు. స్ఫటికంతో అలా నొక్కిన కాంతిని తయారుచేసి చీకటి ద్వారం గుండా లోపలికి పంపుతారు. ఎంఐటీలో ఈ పని ముందుండి నడిపినవారిలో లాహోర్‌లో పుట్టి కరాచీలో పెరిగిన నెర్గిస్ మావల్వాలా ఒకరు. 2019లో లైగో దీన్ని నిత్యం వాడడం మొదలుపెట్టాక, పట్టుకోగలిగే ఘటనల రేటు హాన్‌ఫర్డ్‌లో 40 శాతం, లివింగ్‌స్టన్‌లో 50 శాతం పెరిగింది. అయితే పైన చెప్పిన నెట్టుడు సమస్య మళ్లీ తలెత్తింది: పై పౌనఃపున్యాల్లో నొక్కితే కింద ఉబ్బింది. అందుకని 2023 నాటికి 300 మీటర్ల పొడవున ఇంకో గొట్టం వేసి, పౌనఃపున్యాన్ని బట్టి నొక్కే దిక్కు మారేలా చేశారు.

ఇంత శ్రమకు దక్కేదెంత? జంట న్యూట్రాన్ తారల ఢీని 2015లో సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరం దాకా వినగలిగేవారు. 2023–25లో అది 50 కోట్లు దాటింది. దూరం రెట్టింపైతే ఆ గోళంలో పట్టే ఆకాశం ఎనిమిదింతలు. కొత్త యంత్రపు మొదటి పరిశీలన దశలో దొరికినవి మూడు. 2025 సెప్టెంబరు నాటికి అన్నీ కలిపి దాదాపు 300.

యంత్రం కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. వేలాడే అద్దాలన్నీ ఒకేసారి సరైన చోట నిలిచి కాంతి చేతుల్లో పేరుకోవాలి. దీన్ని లాక్ అంటారు. లాక్ పడని యంత్రం కాడి ఎరగని కోడె లాంటిది; ఒక పక్క సర్దితే ఇంకో పక్క విసిరేస్తుంది. ముందు ఆకుపచ్చ లేజరుతో చేతుల పొడవులను విడివిడిగా పట్టుకుని, తర్వాత అసలు పరారుణ కాంతికి అప్పజెపుతారు. చాలా మెట్లు సాఫ్ట్‌వేరే ఎక్కిస్తుంది. అయినా కంట్రోల్ రూములో ఇరవై నాలుగు గంటలూ షిఫ్టుల్లో ఆపరేటర్లు ఉంటారు. ప్రపంచంలో ఏ మూల పెద్ద భూకంపం వచ్చినా దాని ఉపరితల తరంగాలు అక్కడిదాకా చేరి లాక్‌ను ఊడగొడతాయి. ముందస్తు హెచ్చరిక వస్తే యంత్రాన్ని ఓర్చుకునే పద్ధతికి మారుస్తారు. కొన్నిసార్లు నిలబడుతుంది. లేకపోతే నేల సద్దుమణిగేదాకా కాఫీ తాగుతూ కూర్చోవాలి.

అర్థంకాని రొద వచ్చినప్పుడే ఆపరేటర్ల పనితనం తెలిసేది. 2017 వేసవిలో హాన్‌ఫర్డ్ యంత్రంలో టకటకమని గుర్తులు పడుతున్నాయి. వెతుక్కుంటూ ఒక చేయి చివరికి పోయి చూస్తే, ద్రవ నైట్రోజన్ గొట్టానికి పట్టిన మంచు మీద ముక్కుతో పొడిచిన గాట్లు. ఎడారి ఎండలో దప్పిగొన్న మాలకాకులు ఆ మంచును పొడుచుకు తింటున్నాయి. మనుషులు అదే తీరున గొట్టాన్ని తట్టి చూస్తే అదే గుర్తు వచ్చింది. గొట్టానికి తొడుగు వేయించారు, రొద పోయింది.

2015 సెప్టెంబరు 14 కూడా ఆపరేటర్ల కథే. లివింగ్‌స్టన్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు రాత్రంతా కావాలనే చప్పుళ్లు చేస్తూ యంత్రం స్పందనను పరీక్షించి, ఇంకా కొన్ని పరీక్షలు మిగిలి ఉండగానే అలసిపోయి నాలుగు గంటల ప్రాంతంలో ఆపేశారు. 4.50కి తరంగం వచ్చింది. మనకు అప్పుడు మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు. ముందు లివింగ్‌స్టన్‌ను తాకి, ఏడు మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌ను తాకింది. సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు బరువున్న రెండు కృష్ణ బిలాలు కలిసి 62 రెట్లది ఒకటి అయింది. మిగిలిన మూడు సూర్యుల ద్రవ్యం తరంగాలుగా వెళ్లిపోయింది. ఇది జరిగి సుమారు 130 కోట్ల ఏళ్లు. పులివెందుల దగ్గర పాత సముద్రపు అవక్షేపాల మధ్యకు చొచ్చుకొచ్చి గట్టిపడిన శిలాద్రవపు పొర వయసు 188 కోట్ల ఏళ్లని లెక్కకట్టారు. అంటే ఆ తరంగం బయల్దేరేనాటికే మన పులివెందుల రాయికి 50 కోట్ల ఏళ్లు దాటాయి.

అంత పాత, గట్టి రాయి ఉన్న చోట యంత్రం ఎందుకు పెట్టకూడదు? రాయి ఒక్కటే చాలదు. తుమ్మలపల్లెలో యురేనియం గని, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి సున్నపురాయి క్వారీల పేలుళ్లు, ముద్దనూరు మీదుగా రాత్రింబవళ్లు గూడ్సు బండ్లు, పక్క అనంతపురం జిల్లాలో గాలిమరలు. గాలిమర స్తంభం నేలలోకి పంపే నెమ్మది వణుకు ఈ యంత్రాలకు మరీ చెడ్డది. ఇక బోర్లు సరేసరి.

మన దేశపు లైగోకు ఎంపికైన చోటు మహారాష్ట్ర హింగోలి జిల్లాలో ఔంఢా నాగనాథ్ దగ్గర. తెలుగువాళ్లకు మరీ పరాయి చోటేమీ కాదు. 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. నాగనాథుడి గుడికి మనవాళ్లు యాత్రకు పోతూనే ఉంటారు. అమెరికా ఇలాంటి మూడో యంత్రపు సామగ్రిని ముందు ఆస్ట్రేలియాకు ఇవ్వజూపింది. వాళ్లు 2011లో కాదన్నారు. మొదటి తరంగాన్ని లోకానికి ప్రకటించిన ఆరో రోజున, 2016 ఫిబ్రవరి 17న, దాన్ని ఇక్కడ పెట్టడానికి మన కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. తుది అనుమతి 2023 ఏప్రిల్‌లో, సుమారు 2,600 కోట్ల రూపాయలతో. మధ్యలో ఏడేళ్లు పోయాయి, ఈలోగా వర్గో పనిలో పడింది, జపాన్ తన కాగ్రా యంత్రాన్ని గుట్ట కడుపులో కట్టేసుకుంది. పుణె అయుకా, గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ, ఇందోర్ రాజా రామన్న కేంద్రం, అణుశక్తి శాఖ నిర్మాణ విభాగం కలిసి చేస్తున్న పని ఇది.

మూడోది, నాలుగోది ఎందుకంటే తరంగం ఎటునుంచి వచ్చిందో ఒక్క యంత్రం చెప్పలేదు. రెండు యంత్రాల మధ్య కాలభేదంతో ఆకాశంలో ఒక పెద్ద వలయం మాత్రమే గీయగలం. 2015 తరంగం వచ్చిన చోటును దాదాపు 600 చదరపు డిగ్రీల వరకే కుదించగలిగారు. అది మూడువేల నిండు చంద్రులు పట్టేంత ఆకాశం. 2017 ఆగస్టు 17న న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు వర్గో కూడా నడుస్తోంది కాబట్టి 28 చదరపు డిగ్రీలకు వచ్చింది. టెలిస్కోపులు కొన్ని గంటల్లోనే 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీలో ఆ వెలుగును పట్టుకున్నాయి. అమెరికా, ఐరోపాలకు ఇంత దూరాన హింగోలిలో ఇంకో చెవి ఉంటే ఆ ముక్క ఇంకా చాలా చిన్నదవుతుంది.

హింగోలికి తన ఇబ్బందులు తనకున్నాయి. 1993లో లాతూరు భూకంపం వచ్చింది ఆ చుట్టుపక్కలే. 2024 మార్చిలోనూ జులైలోనూ హింగోలి కేంద్రంగానే 4.5 తీవ్రతతో నేల కదిలింది. అలాంటివి లాక్ ఊడగొడతాయి, మళ్లీ వేసుకోవచ్చు. ఎడతెగని రొద వేరు. దానిలో ఒకటి కరెంటుది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి లైగో రెండు కేంద్రాల రికార్డులోనూ 60 దగ్గర ఒక పెద్ద మేకు నిలబడి ఉంటుంది. క్రీ.శ. 1054లో పేలిన తార మిగిల్చిన క్రాబ్ పల్సార్ సెకనుకు 29.6 సార్లు తిరుగుతోంది. అది గురుత్వ తరంగాలు వెదజల్లుతుంటే వాటి పౌనఃపున్యం దానికి రెట్టింపు, అంటే 59.2, ఉండాలి. అమెరికా కరెంటు మేకు పక్కనే! ఏళ్లుగా శాస్త్రవేత్తలు ఆ మేకును జాగ్రత్తగా తీసివేస్తూ వెతుకుతున్నారు. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది. ఇటలీదీ అంతే కానీ వర్గో సున్నితత్వం లైగో అంత లేదు. హింగోలి యంత్రానికి 59.2 దగ్గర మైదానం ఖాళీగా ఉంటుంది. దానికి తగులుకునే మేకు 50 దగ్గర. మన గ్రిడ్డు 49.90కి, 50.05కి మధ్య లోడును బట్టి ఊగుతుంటుంది కాబట్టి, ఆ మేకు ఊళ్లో మోటర్లు వేసే వేళకు ఒక చోట, ఆపే వేళకు ఇంకో చోట ఉంటుంది.